కర్సరు నడక – మాక్రోల చరిత్ర

కంప్యూటరు తెరపై మినుకుమినుకుమనుచు కనబడు చిన్న గీతను మనము కర్సరు అనుచున్నాము. లాటిను భాషలో ఈ పదమునకు 'పరుగెత్తువాడు' అని అర్థము. కంప్యూటరు పుట్టుటకు చాల కాలము ముందే ఈ మాట శాస్త్ర ప్రపంచమున వాడుకలో ఉండెను. ఇంజనీర్లు గుణకార భాగహారములకు వాడిన స్లైడురూలుపై వెనుకకు ముందుకు జరుగు బిళ్ళకు, దానిపై గీచిన సన్నని గీతకు ఇదే పేరు. 19వ శతాబ్దపు మధ్యభాగమున ఫ్రెంచి సైనికాధికారి అమేదే మాన్‌హైమ్ రూపొందించిన స్లైడురూలుతో ఆ జరుగుడు బిళ్ళ వాడుక అంతట వ్యాపించెను. అచ్చట గీత ఎంత దూరము జరుగునో వాడువాని వ్రేలే నిర్ణయించును. తెరమీది కర్సరుకు అట్టి స్వేచ్ఛ లేదు. బాణపు మీటను ఒకసారి నొక్కినచో అది ఎంత జరుగవలెను, ఏ దిక్కునకు జరుగవలెను, వరుస చివర ఆగిపోవలెనా లేక తరువాతి వరుసకు దిగవలెనా అను విషయములను ఎవరో ఒకరు ముందుగా నిర్ణయించి యుంచవలెను. ఈ నిర్ణయములే కర్సరు నడకకు సంబంధించిన సెట్టింగులు.

మనిషి స్వయముగా టైపు చేయునపుడు ఈ సెట్టింగులు కొంచెము మారినను పెద్ద చిక్కు రాదు. కన్ను తెరను చూచుచునే యుండును. కర్సరు తప్పుచోట నిలిచినచో చేయి మరియొకసారి మీట నొక్కి దానిని సరిదిద్దుకొనును. మాక్రో విషయము వేరు. మనము నొక్కిన మీటల వరుసను యంత్రము జ్ఞాపకముంచుకొని, అడిగినపుడెల్ల అదే వరుసను తిరిగి నడిపించుటను కీబోర్డు మాక్రో అందురు. వెయ్యి వరుసల జాబితాలో ఒకే మార్పును వెయ్యిసార్లు చేయవలసివచ్చినపుడు, మొదటి వరుసపై ఒకసారి చేసి చూపిన చాలును. తక్కిన 999 వరుసలపై యంత్రమే ఆ పని చేయును. అయితే దానికి కన్నులు లేవు. 'కుడి బాణము 3 సార్లు' అని నేర్చుకొన్నచో, ఆ 3 అడుగులు ఎచ్చటికి చేర్చినను అచ్చటనే తన పని కానిచ్చును. కర్సరు నడక మారిన, మాక్రో ఫలితము కూడ మారును.

ఇది తెలుగువారికి మరింత ముఖ్యమైన విషయము. హైదరాబాదు పాత నగరమున, కంచన్‌బాగ్ రక్షణ పరిశోధనశాలలకు చేరువగా సంతోష్‌నగర్ కలదు. ఈ పేరునే తీసికొందము. కంటికి ఆరు అక్షరములుగా కనబడు ఈ మాటను దాటుటకు కర్సరు ఎన్ని అడుగులు వేయవలెను? ఆరు అనియు, ఏడు అనియు, పదునొకండు అనియు సమాధానములు వచ్చును. వాడు సాఫ్ట్‌వేరును బట్టి అన్నియు సరియైనవే! ఇట్టి వింత ఎట్లు కలిగెనో తెలిసికొనవలెనన్న కర్సరు నడక చరిత్రను మొదటినుండి పరిశీలింపవలెను.

కదలని మీటలు

టైపు యంత్రమున కర్సరు లేదు. కాగితమును మోయు బండి కలదు. మీట నొక్కగానే అచ్చు పడి, బండి ఒక అడుగు ఎడమకు జరుగును. అందుచే తరువాతి అక్షరము కుడిప్రక్కన పడును. ఇంగ్లీషునకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయెను. భారతీయ లిపులకు ఇది చాలలేదు. గుడి అక్షరము తలపై కూర్చుండవలెను, వత్తు అక్షరము క్రింద పడవలెను. అందుకొరకు భారతీయ భాషల టైపు యంత్రములలో కొన్ని మీటలను 'డెడ్ కీ'లుగా ఏర్పరచిరి. వీనిని నొక్కినపుడు అచ్చు పడును గాని బండి కదలదు. తరువాత నొక్కిన అక్షరము అదే చోట పడి రెండును కలిసి ఒకటిగా కనబడును. ఏ మీటకు అడుగు కలదు, ఏ మీటకు లేదు అను ప్రశ్న ఆనాడే పుట్టినదన్నమాట. దానికి సమాధానము ఇనుపముక్కలతో బిగింపబడి యుండెను గనుక, ఒకసారి నేర్చుకొన్న టైపిస్టునకు మరల సందేహము వచ్చెడిది కాదు.

తెర లేని కాలపు మాక్రో

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డాన్ మర్ఫీ అను విద్యార్థి పి.డి.పి.-1 అను యంత్రము కొరకు 'టెకో' అను ఎడిటరును వ్రాసెను. కాగితపు పట్టీలపై రంధ్రములుగా నున్న ప్రోగ్రాములను దిద్దుటకు అది ఉద్దేశింపబడినది. ఆ కాలమున సామాన్యముగా దిద్దుబాటు పని టెలిటైపుపైన జరుగుచుండెను. హైదరాబాదులో 1967లో నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ నిర్మించిన టి.డి.సి. వరుస కంప్యూటర్లు కూడ ఈ తరమునకు చెందినవే. టెలిటైపుపై మినుకుమను గీతకు తావు లేదు. అందుచే టెకోలో 'ప్రస్తుత స్థానము' అనునది కంటికి కనబడని ఒక సంఖ్య మాత్రమే. '5 సి' అని ఆజ్ఞాపించిన అది 5 అక్షరములు ముందుకు, '5 ఆర్' అనిన 5 అక్షరములు వెనుకకు, 'ఎల్' అనిన తరువాతి వరుస మొదటికి పోవును.

ఇట్టి ఆజ్ఞల వరుసను ఒక పాత్రలో పోసినట్లు నిలువచేసి, 'ఎం' అను ఆజ్ఞతో నడిపింప వీలుండెను. అదియే మాక్రో. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. టెకోలో అక్షరమనిన యంత్రము దాచుకొన్న ఒక సంకేతము. వరుస అనిన రెండు వరుస ముగింపు గుర్తుల నడుమనున్న భాగము. తెర లేదు గనుక తెర వెడల్పుతో పని లేదు. ఇంగ్లీషు అక్షరములే గనుక ఒక అక్షరమునకు ఒక సంకేతము. కావున అవే అక్షరములపై మాక్రో ఎన్నిసార్లు నడిపినను ఒకే ఫలితమును ఇచ్చుచుండెను.

తెర వచ్చిన తరువాత

1970ల నాటికి తెరతో కూడిన టెర్మినళ్ళు ప్రయోగశాలలలో ప్రవేశించెను. 1976లో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ మున్నగువారు టెకో మాక్రోలనే ఒకచోట కూర్చి 'ఈమాక్స్' అను ఎడిటరును రూపొందించిరి. ఆ పేరు 'ఎడిటింగ్ మాక్రోలు' అను మాటల నుండియే పుట్టినది. ఇంచుమించు అదే కాలమున కాలిఫోర్నియాలో బిల్ జాయ్ 'విఐ' అను ఎడిటరును వ్రాసెను. ఆయన వాడిన టెర్మినలు కీబోర్డుపై హెచ్, జె, కె, ఎల్ మీటల మీదనే బాణపు గుర్తులు ముద్రింపబడి యుండెను. విఐలో కర్సరును నడుపుటకు నేటికిని ఆ నాలుగు మీటలే వాడుటకు అదియే కారణము. విఐ సంప్రదాయమును పెంచి 1991లో బ్రామ్ మోలెనార్ 'విమ్' అను ఎడిటరును విడుదల చేసెను.

ఈ రెండు కుటుంబములకు నడుమ కర్సరు నడకలో మొదటినుండియు ఒక భేదము కలదు. ఈమాక్స్‌లో కర్సరు రెండు అక్షరముల నడుమ నిలుచును. వరుస ముగింపు గుర్తు కూడ దాని లెక్కలో ఒక అక్షరమే. కనుక వరుస చివర 'ముందుకు' అనిన అది మారుమాటాడక తరువాతి వరుసకు దిగును. విమ్‌లో ఆజ్ఞలిచ్చు స్థితిలో కర్సరు అక్షరము మీదనే కూర్చుండును. వరుస చివర 'ఎల్' మీట నొక్కిన అది కదలదు. ఆజ్ఞ విఫలమైనదని లెక్క. ఆజ్ఞ విఫలమైనచో విమ్‌లో నడుచుచున్న మాక్రో అచ్చటనే ఆగిపోవును.

ఈ ఆగిపోవుట లోపమువలె తోచును గాని, నిజమునకు అది ఒక రక్షణ. ఒక జాబితాలో ప్రతి వరుసయందు 'ఎల్' మీటను పదిసార్లు విడివిడిగా నొక్కి, అచ్చటనున్న గుర్తును తొలగించు మాక్రో యున్నదనుకొందము. నడుమ ఒక వరుసలో ఏడు అక్షరములే యున్నచో విమ్ అచ్చట నిలిచిపోవును. ఎక్కడ నిలిచినదో మనకు కనబడును. 'విచ్‌ర్యాప్' అను సెట్టింగుతో 'ఎల్' మీటకు వరుస దాటు అనుమతి ఇచ్చినచో కథ మారును. కర్సరు ఆగక తరువాతి వరుసలోనికి జారి, అచ్చటి ఏదో యొక అక్షరమును తొలగించును. పొరపాటు జరిగినట్లు యంత్రము చెప్పదు. అది చెప్పవలసిన పొరపాటును మన సెట్టింగే చెరిపివేసినది.

ఈమాక్స్ చరిత్రలోను ఇట్టి ఉదాహరణ యున్నది. అందు సున్న సంఖ్యనిచ్చి మాక్రోను నడిపినచో, ఏదేని ఆజ్ఞ విఫలమగువరకు అది మరల మరల నడుచును. జాబితా చివర 'క్రింది వరుస' లేదు గనుక అచ్చట విఫలమై ఆగును. పూర్వపు కూర్పులలో మాత్రము చివరి వరుసలో క్రింది బాణము నొక్కిన క్రొత్త ఖాళీ వరుస యొకటి పుట్టుచుండెను. అట్టిచో మాక్రోకు అంతమెక్కడ? ఖాళీ వరుసలను సృష్టించుకొనుచు, మనిషి ఆపువరకు పోవుచుండును. 2001లో వెలువడిన 21వ కూర్పునుండి ఈ అలవాటును మాన్పించి, కావలెనన్న వారికి మాత్రమే సెట్టింగుగా మిగిల్చిరి.

వరుస యననేమి?

పొడవైన వాక్యము తెర వెడల్పునకు మించినపుడు ఎడిటరు దానిని మడిచి రెండు మూడు వరుసలుగా చూపును. చూచువానికి అవి మూడు వరుసలు. యంత్రము దాచుకొన్నది ఒక్కటే వరుస. క్రింది బాణము నొక్కినచో కర్సరు ఏ లెక్కన దిగవలెను?

ఈమాక్స్‌లో చాలకాలము దాచుకొన్న వరుసల లెక్కయే నడచెను. 2009లో వెలువడిన 23వ కూర్పునుండి కంటికి కనబడు వరుసల లెక్కను మామూలు పద్ధతిగా చేసిరి. చదువుకొనుటకు, దిద్దుకొనుటకు ఇది సుఖముగా నుండును. మాక్రోకు మాత్రము ఇది సంకటము. ఒక జాబితాలో చిరునామాలు వరుసకొకటి చొప్పున ఉన్నవనుకొందము. ప్రతి చిరునామా మొదట ఒక చుక్కగుర్తు పెట్టి, క్రింది బాణము నొక్కునట్లు మాక్రోను నేర్పినాము. వెడల్పైన తెరపై అది సరిగా నడచెను. అదే మాక్రోను ఇరుకైన కిటికీలో నడిపినచో, మడతపడిన చిరునామాకు రెండు చుక్కగుర్తులు పడవచ్చును. జాబితా మారలేదు, మాక్రో మారలేదు. మారినది కిటికీ వెడల్పు మాత్రమే! ఈ చిక్కును తొలగించుటకు ఈమాక్స్‌లో పాత లెక్కకు మరలించు సెట్టింగును, దాచుకొన్న వరుసలనే లెక్కించు వేరొక ఆజ్ఞను ఉంచిరి. విమ్‌లో 'జె' దాచుకొన్న వరుసల లెక్కన దిగును. కనబడు వరుసల లెక్కన దిగవలెనన్న 'జి', 'జె' రెండును నొక్కవలెను. కొందరు సౌకర్యము కొరకు 'జె' మీటకే రెండవ అర్థమును తగిలించుకొందురు. అట్టివారు నడిపిన మాక్రో కూడ ఆ క్రొత్త అర్థముననే నడుచును.

తెలుగు అక్షరమునకు ఎన్ని అడుగులు?

ఇంతవరకు చెప్పినదంతయు ఇంగ్లీషునకు కూడ వర్తించును. తెలుగు లిపితో ప్రశ్న మరింత లోతునకు పోవును.

తెలుగును కంప్యూటరుపై మొదట పలువురు పలువిధముల వ్రాసిరి. డి.టి.పి. అంగళ్ళలో ప్రసిద్ధికెక్కిన అను, శ్రీలిపి వంటి సాధనములు అక్షరమును ముక్కలుగా విడదీసి దాచెను. వత్తు ఒక ముక్క, గుణింతపు గుర్తు ఒక ముక్క. కర్సరు ఆ ముక్కల లెక్కన నడచెను. 1990ల ప్రారంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమను అక్షరములతో వ్రాసి, పిమ్మట తెలుగులోనికి మార్చుచుండిరి. అందు కర్సరు రోమను అక్షరముల మీదనే నడచును గనుక అడుగుల లెక్కలో అనుమానము లేదు.

మూడవ మార్గము అక్షర స్వభావమును అనుసరించినది. 1991లో భారత ప్రమాణముల సంస్థ 'ఇస్కీ' అను సంకేతముల పట్టికను ప్రకటించెను. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగునకు 128 స్థానముల భాగము లభించెను. రెంటియందును హల్లుకొక సంకేతము, గుణింతపు గుర్తునకొక సంకేతము, పొల్లునకొక సంకేతము. వత్తునకు వేరుగా సంకేతము లేదు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వచ్చినచో రెండవ హల్లు వత్తుగా మారి క్రిందికి దిగును.

దీనివలన ఒక ఇబ్బంది కలిగెను. 'సంతోష్‌నగర్' అను మాటలో 'ష్' తరువాత 'న' వచ్చును. మామూలుగా వ్రాసినచో నకారము షకారము క్రిందికి దిగి 'సంతోష్నగర్' అగును. మనము పలుకునది అది కాదు. రెండు మాటల నడుమ చిన్న విరామము కలదు. ఇస్కీలో దీనికొరకు పొల్లును రెండుసార్లు వ్రాయు ఏర్పాటు చేసిరి. యూనికోడ్‌లో పొల్లు తరువాత 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అను గుర్తును ఉంచిరి. అనగా వెడల్పు లేని, కలుపనీయని గుర్తు. ఇది తెరపై కనబడదు, చోటు తీసికొనదు. హల్లులు రెండును కలియకుండ అడ్డుపడుట మాత్రమే దాని పని.

ఇక లెక్క చూడవచ్చును. స, సున్న, త, ఓత్వము, ష, పొల్లు, కనబడని గుర్తు, న, గ, ర, పొల్లు. మొత్తము 11 సంకేతములు. సంకేతముల లెక్కన నడచు ఎడిటరులో కర్సరు 11 అడుగులు వేయును.

ఈ పద్ధతి తెలుగువానికి సహజముగా తోచదు. 'తో' ఒక అక్షరమే గదా! అందుచే యూనికోడ్ వారు 'మనిషి ఒక్కటిగా భావించు అక్షరము'నకు నిర్వచనము చేసిరి. మొదటి నిర్వచనములో, ముందరి హల్లుపై ఎక్కికూర్చుండి వేరుగా చోటు తీసికొనని గుర్తులను మాత్రమే హల్లుతో కలిపి లెక్కించిరి. యూనికోడ్ పట్టికలో తెలుగు గుడి, ఓత్వము, పొల్లు మొదలైనవి ఈ జాతికి చెందినవి. కొమ్ము, సున్న, విసర్గ అక్షరమునకు కుడిప్రక్కన చోటు తీసికొనును గనుక వేరొక జాతిలో చేర్పబడినవి. ఫలితము విచిత్రము. 'గిరి' అను మాటను దాటుటకు 2 అడుగులు, 'గురు' అను మాటకు 4 అడుగులు! ఈ లెక్కన సంతోష్‌నగర్ స, సున్న, తో, ష్, న, గ, ర్ అని 7 అడుగులగును.

2008లో వెలువడిన 5.1 కూర్పున ఈ నిర్వచనమును విస్తరించి, కుడిప్రక్క గుర్తులను కూడ హల్లుతోనే కలిపిరి. అప్పుడు సం, తో, ష్, న, గ, ర్ అని 6 అడుగులు వచ్చెను. తెలుగు కంటికి కనబడు లెక్క ఇదియే.

అయినను ఒక లోపము మిగిలెను. 'క్ష', 'స్త్ర' వంటి సంయుక్తాక్షరములను ఈ నిర్వచనము పొల్లు దగ్గర విడగొట్టుచుండెను. కర్సరు అక్షరము నడుమ చిక్కుకొనినట్లుండెడిది. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పున తెలుగు, దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు ఈ లోపమును సరిచేసిరి. సంయుక్తాక్షరము మొత్తము ఒక అడుగుగా లెక్కకు వచ్చెను. కనబడని గుర్తు నడుమ ఉన్నచో మాత్రము హల్లులు కలియవు. కావున 'సంతోష్‌నగర్' 6 అడుగులుగానే నిలిచెను. ఆ గుర్తు లేని 'సంతోష్నగర్' 5 అడుగులకు తగ్గెను.

ఒక జాబితా, నాలుగు ఫలితములు

ఈ భేదములు ఎట్టి ఫలితములిచ్చునో ఊహింపుడు. సంతోష్‌నగర్‌లోని ఒక డి.టి.పి. అంగడిలో వెయ్యి చిరునామాల జాబితా యున్నదనుకొందము. ప్రతి వరుసయు ఈ ఊరి పేరుతోనే ప్రారంభమగును. 'సంతోష్', 'నగర్' అను భాగముల నడుమ ఖాళీ ఉంచి రెండు మాటలుగా వ్రాయవలెనని కోరిక. మాక్రో సులభము: వరుస మొదటికి పోవుట, కుడి బాణము 3 సార్లు, ఖాళీ మీట ఒకసారి, తరువాతి వరుస.

విస్తరించిన నిర్వచనమును పాటించు ఎడిటరులో 3 అడుగులకు సం, తో, ష్ దాటి కర్సరు సరియైన చోట నిలుచును. పని చక్కగా జరుగును. మొదటి నిర్వచనమును పాటించు ఎడిటరులో స, సున్న, తో దాటునప్పటికే 3 అడుగులు పూర్తియగును. అప్పుడు 'సంతో ష్‌నగర్' అని పడును. సంకేతముల లెక్కన నడచు ఎడిటరులో 3వ అడుగు తకారముతో ముగియును. ఖాళీ తకారమునకు ఓత్వమునకు నడుమ పడి, ఓత్వము ఆధారము కోల్పోయి చుక్కల వలయముపై వ్రేలాడును. 15.1 కూర్పును పాటించు ఎడిటరులో, కనబడని గుర్తుతో టైపు చేసిన వరుసలు సరిగా వచ్చును. ఆ గుర్తును మరచి టైపు చేసిన వరుసలలో మూడవ అడుగు 'ష్న' మొత్తమును దాటును. అవి 'సంతోష్న గర్' అగును. ఒకే జాబితాలో కొన్ని వరుసలు ఒప్పుగా, కొన్ని తప్పుగా వచ్చుట అన్నిటికంటె ప్రమాదకరము; పైపైన చూచువాడు మొదటి పది వరుసలను చూచి తృప్తిపడును.

చెరుపు మీట ఈ చిక్కునకు మరియొక మెలికను చేర్చును. చాల ఎడిటర్లలో కర్సరు పూర్తి అక్షరముల లెక్కన నడచినను, బ్యాక్‌స్పేస్ మీట ఒక్క సంకేతమునే చెరుపును. పొల్లు టైపు చేయబోయి గుడి టైపు చేసినచో హల్లును చెరుపకయే గుడిని దిద్దుకొనుటకు ఇది మేలు. 'సంతోష్' తరువాత ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కినపుడు మాత్రము కనబడు అక్షరమేదియు పోదు. పోయినది కనబడని గుర్తు. మరుక్షణమే నకారము షకారము క్రిందికి దిగును. ఒక అడుగు ముందుకు వేసి ఒకసారి చెరిపిన, మొదటి స్థితికి వచ్చునని నమ్మి వ్రాసిన మాక్రో ఇచ్చట తప్పును.

ఇది కేవలము అచ్చుతప్పుల విషయమని తలపరాదు. ఓటర్ల జాబితాలోగాని, రేషను కార్డుల పట్టికలోగాని పేరును వెదకునపుడు యంత్రము సంకేతములను పోల్చును. కనబడని గుర్తును విస్మరింపుమని ప్రత్యేకముగా చెప్పిననే తప్ప, అది యున్న మాటయు, లేని మాటయు దాని దృష్టిలో వేర్వేరు. మాక్రో ఒకటి నిశ్శబ్దముగా చెరిపిన గుర్తు వలన పేరు దొరకకపోవచ్చును. ఆ పేరు గలవాడు కిటికీ ముందు నిలుచుండి యుండును. యంత్రము మాత్రము లేడనును.

కుడి యేది, ఎడమ యేది?

సంతోష్‌నగర్ వంటి చోట్ల తెలుగుతో పాటు ఉర్దూ కూడ నిత్యవ్యవహారమున ఉన్నది. 2017లో తెలంగాణలో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా చేసిరి. ఒకే పత్రమున, ఒక్కొక్కప్పుడు ఒకే వరుసలో రెండు లిపులును కలియుచుండును. తెలుగు ఎడమనుండి కుడికి, ఉర్దూ కుడినుండి ఎడమకు నడుచును. ఉర్దూ వాక్యములోనే అంకెలు మరల ఎడమనుండి కుడికి నడుచును. యంత్రము మాత్రము అన్నిటిని చదువు క్రమముననే దాచుకొనును; చూపునపుడు మాత్రమే దిక్కు మార్చును.

అటువంటి వరుసలో కుడి బాణము నొక్కిన కర్సరు ఎటు పోవలెను? రెండు పద్ధతులు కలవు. చదువు క్రమమును అనుసరించినచో, తెలుగు భాగము ముగియగానే కర్సరు ఉర్దూ మాట కుడి చివరకు గంతువేసి, అచ్చటినుండి ఎడమకు నడుచును. నొక్కినది కుడి బాణము, నడచినది ఎడమకు! తెర క్రమమును అనుసరించినచో కర్సరు ఎల్లప్పుడు కుడికే పోవును. ఉర్దూ మాటలో మొదట దాని చివరి అక్షరమును తాకును. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొను సెట్టింగు కలదు. ఈమాక్స్‌లో రెండు దిక్కుల లిపులను కలిపి చూపు శక్తి 2012లో 24వ కూర్పుతో వచ్చెను. అందును తరువాత ఇట్టి సెట్టింగే చేరెను.

ఉర్దూ మాటను పూర్తిగా దాటిపోవు మాక్రోకు రెండు పద్ధతులును ఇంచుమించు సమానమే. ఆ మాట నడుమ ఆగి పనిచేయవలసిన మాక్రోకు సమానము కాదు. మొదటినుండి రెండవ అక్షరమును తొలగింపుమని నేర్పిన మాక్రో, సెట్టింగు మారగానే చివరినుండి లెక్కించి వేరొక అక్షరమును తొలగించును. ఉర్దూ చదువలేనివాడు ఆ తప్పును కనుగొనజాలడు.

మీటలు కాదు, గుర్తులు

ఈ చరిత్రనుండి ఆచరణకు పనికివచ్చు కొన్ని సూత్రములు తేలుచున్నవి.

మొదటిది, మాక్రోలో అడుగులను లెక్కించుటకంటె గుర్తును వెదకుట మేలు. పై జాబితాలో 'కుడికి 3 అడుగులు' అనుటకు బదులు, 'నగర్' అను మాటను వెదకి దాని ముందు నిలువుమని నేర్పవచ్చును. కనబడని గుర్తు యున్న వరుసలలో అడుగు ఎంతదైనను కర్సరు సరియైన చోటికే చేరును. అది లేని వరుసలలో అక్షరము నడుమ ఆగుటకు ఒప్పుకొనని ఎడిటరునకు ఆ మాట దొరకకపోవచ్చును. దొరకనిచో వెదకు ఆజ్ఞ విఫలమై మాక్రో ఆగును. ఆగిన వరుసను చేతితో దిద్దవచ్చును. వరుస మొదలు, వరుస చివర, కామా, ఖాళీ వంటివి కూడ నమ్మదగిన గుర్తులే.

రెండవది, క్రింది వరుసకు దిగునపుడు దాచుకొన్న వరుసలను లెక్కించు ఆజ్ఞనే వాడవలెను. ఆ వీలు లేనిచోట మడత పెట్టుటను ఆపి, తరువాత మాక్రోను నడుపవలెను.

మూడవది, మాక్రో ఆగుటను తప్పుగా భావింపరాదు. ఆగనీయక ముందుకు తోయు సెట్టింగులను మాక్రో నడుపు సమయమునకైనను తీసివేయవలెను.

నాలుగవది, మాక్రోను దాచుకొన్నవారు దానితో పాటు ఏ ఎడిటరు, ఏ కూర్పు, ఏ సెట్టింగులతో అది నేర్పబడినదో కూడ వ్రాసియుంచవలెను. భౌతికశాస్త్ర ప్రయోగమున కొలత ప్రక్కన ప్రమాణమును వ్రాయనిచో ఆ కొలతకు అర్థము లేదు. '3 అడుగులు' అనునదియు అట్టిదే.

చివరగా, మూలప్రతిని వేరుగా ఉంచి, మాక్రో ఫలితమును మొదటి వరుసలోనే గాక నడుమ, చివర కూడ పరిశీలింపవలెను. కొమ్ములు, సున్నలు, సంయుక్తాక్షరములు, పొల్లుతో ముగియు మాటలు గల వరుసలను ఏరి చూచుట ఉత్తమము.

ఎడిటర్లను వ్రాయువారును ఈ అవసరమును గుర్తించుచున్నారు. 2023 జూలైలో వెలువడిన ఈమాక్స్ 29వ కూర్పున, కూర్చిన అక్షరములోనికి కర్సరు ప్రవేశించినపుడు ఆ అక్షరమును తాత్కాలికముగా విడదీసి చూపు సెట్టింగును చేర్చిరి. దానిని అమర్చుకొన్నచో షకారము, పొల్లు, కనబడని గుర్తు వేర్వేరు స్థానములుగా దొరకును. అక్షరములోని ఒక్క గుర్తును దిద్దవలసినవానికి ఇది ఉపకారము. అక్షరముల లెక్కన నేర్పిన పాత మాక్రోకు ఇదియు అడుగును మార్చునదే గనుక, సెట్టింగును మార్చువాడు తన మాక్రోలను మరల పరీక్షించుకొనుట అవసరము.

టైపు యంత్రపు డెడ్ కీ మొదలు యూనికోడ్ 15.1 కూర్పు వరకు వెదకుచున్నది ఒకే ప్రశ్నకు సమాధానము: ఒక తెలుగు అక్షరమనగా ఎంత? ఇనుపముక్కలతో బిగించిన కాలమున ఆ సమాధానము మారుటకు వీలుండెడిది కాదు. ఇప్పుడది సాఫ్ట్‌వేరుతో పాటు కొన్ని సంవత్సరములకొకసారి మెరుగుపడుచున్నది. ఆ మెరుగుదల తెలుగు చదువు కంటికి, తెలుగు వ్రాయు చేతికి మేలుచేయునదే. కన్నులు లేని మాక్రోను నడుపువారు తమ కన్నులను దానికి అరువిచ్చినచో, ఈ మార్పుల నడుమ సంతోష్‌నగర్ సంతోష్‌నగర్‌గానే నిలుచును.